ఇంజిను దించాలి!

కొత్త లారీ కొనే స్తోమత లేదు. ఉన్నదాన్ని పాత ఇనుముకు అమ్మడానికి మనసొప్పదు. మధ్యలో మిగిలిన దారి ఒకటే... ఇంజిను దించి, విప్పి, మళ్లీ కట్టించుకోవడం. వీరులపాడు మెట్టపల్లెల నుంచి బెజవాడ ఆటోనగర్ దాకా సాగే ఆ దారి కథ ఇది.

లారీ తాగేది డీజిలే. కానీ అది ఇంకేదో కూడా తాగుతోందని వీధి చివర నిలబడ్డవాళ్లకు సైతం తెలిసిపోతుంది. తెల్లవారుజామున సెల్ఫు కొడితే ఒక పట్టాన అందుకోదు. రెండోసారి, మూడోసారి... ఎట్టకేలకు దగ్గుతూ లేస్తుంది. సైలెన్సర్ లోంచి నీలంరంగు పొగ. ఎదురింటివాళ్లు కిటికీలు మూసుకుంటారు. బండి యజమాని మాత్రం బానెట్ ఎత్తి, డిప్ స్టిక్కు లాగి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి చూస్తాడు. మొన్ననే పోసిన ఇంజినాయిలు అప్పుడే అడుగుకు దిగిపోయి ఉంటుంది. ఆయన ఏమీ మాట్లాడడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఇల్లాలికి ఆ మౌనం అర్థమవుతుంది.

‘‘ఇంజిను దించాలా?’’ అంటుంది.

లారీ మీద బతికే ఇళ్లలో ఇది ఇంచుమించు ‘ఆపరేషన్ చెయ్యాలా’ అని అడగడంతో సమానం. అదే భయం, అదే లెక్క. చేతిలో ఎంతుంది, ఎవరిని అడగాలి, ఏం కుదువపెట్టాలి, ఎన్నాళ్లు పని మానుకోవాలి... అన్నీ ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంటాయి.

వీరులపాడు ఒకప్పటి కృష్ణా జిల్లాలో మండల కేంద్రం. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడిపోయాక ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చింది. కృష్ణా అనగానే కళ్లముందు కదిలే కాలువలూ, పచ్చటి డెల్టా చేలూ ఇక్కడ కనిపించవు. ఇది మెట్ట. మున్నేటిలో కలిసే వైరా, కట్టలేరు వాగుల పక్కన వరి. మిగతాచోట్ల పత్తి, మిర్చి, మామిడి. పంట దక్కని చేలల్లో సుబాబుల్. వానమీద ఆధారపడ్డ ఊళ్లు కాబట్టి ఇంటికో మనిషి రోడ్డెక్కడం పాత అలవాటు. రోడ్డెక్కితే లోడుకు కొదవలేదు మరి! జగ్గయ్యపేట వైపు సున్నపురాయి గుట్టలూ సిమెంటు ఫ్యాక్టరీలూ. కంచికచర్ల దాటితే పరిటాల, దొనబండ కంకర క్వారీలు. ఇబ్రహీంపట్నంలో థర్మల్ కేంద్రం బూడిద. చేలల్లో నరికిన సుబాబుల్ కర్ర రాజమండ్రికో, భద్రాచలం పక్కన సారపాకకో... పేపరు మిల్లులకు. వీటన్నిటినీ కలుపుతూ హైదరాబాద్ - విజయవాడ హైవే. ఆ రోడ్డు నంబరు 65గా మారి ఏళ్లవుతున్నా, పాత డ్రైవర్లకు అదిప్పటికీ ‘నైన్ హైవే’నే.

ఇలాంటి చోట ఓ ఇంట్లో పాత టాటా 1613 ఉందనుకుందాం. ఆరు టైర్ల బండి. ఆ నంబరులోనే దాని జాతకం ఉంది. మొదటి రెండంకెలు సరుకుతో కలిపి బండి మొత్తం బరువు, టన్నుల్లో. చివరి రెండూ ఇంజిను బలం, పదుల హార్స్ పవర్లో. అంటే పదహారు టన్నులు, నూట ముప్పై గుర్రాలు. వెనకటి 1210 కూడా అంతే... పన్నెండు టన్నులు, వంద గుర్రాలు. తండ్రి 1210 నడిపితే కొడుకు 1613 నడిపిన ఇళ్లు ఈ దారి పొడవునా కనిపిస్తాయి. బండి కిస్తీలు ఎప్పుడో తీరిపోయాయి. వచ్చే కిరాయిలో డీజిలు, టోలు, టైర్లు, డ్రైవరు బత్తా పోను మిగిలేది ఇంటికే. కొత్త బండి కొంటే ఆ మిగిలేదే ఫైనాన్స్ కంపెనీకి పోతుంది. అందుకే పొగ వదిలినా, ఆయిలు తాగినా, కిస్తీ లేని బండిని వదులుకోవడం అంత తేలిక కాదు.

పొగ చెప్పే జోస్యం

ఇంజిను దించాలా వద్దా అన్నది ముందు పొగే చెబుతుంది. నల్లగా వస్తే గాలి చాలక డీజిలు పూర్తిగా మండడం లేదని. ఫిల్టరు మార్చుకుంటేనో, నాజిళ్లు సరిచేయించుకుంటేనో తీరిపోవచ్చు. తెల్లగా వస్తే మండకుండానే బయటికొస్తోంది, లేదా ఎక్కడో నీళ్లు కలుస్తున్నాయి. నీలంగా వస్తే మాత్రం రింగులు అరిగి, కింద ఉండాల్సిన ఆయిలు పైకెక్కి కాలిపోతోందని అర్థం. అనుభవమున్న మేస్త్రి వీటితో ఆగడు. ఇంజిను నడుస్తుండగా ఆయిలు పోసే మూత తీసి అరచెయ్యి అడ్డం పెడతాడు. లోపల్నుంచి ఆవిరి ఉఫ్ ఉఫ్ మని చేతిని తోస్తుంటే పిస్టన్ పక్కనుంచి ఒత్తిడి కిందికి జారిపోతున్నట్టే. రేడియేటర్లో బుడగలు లేస్తున్నాయేమో చూస్తాడు. డిప్ స్టిక్కుకు అంటిన ఆయిలు పాలు ఎక్కువైన టీ రంగులో ఉంటే హెడ్ గ్యాస్కెట్టో, హెడ్డో, ఇంకేదో పోయి నీళ్లు ఆయిల్లో కలిశాయి.

డీజిల్ ఇంజినుకు పెట్రోలు ఇంజినులా ప్లగ్గు ఉండదు. గాలిని దాదాపు పదిహేడో వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకోవాలి. రింగులు అరిగితే గాలి నలగదు. గాలి నలగకపోతే వేడి పుట్టదు. చలికాలం పొద్దున బండి మొరాయించేది ఇందుకే. ఎగువ రోడ్డులో బండి వెనక్కి లాగినట్టుంటే డ్రైవరు ‘పికప్ పడిపోయింది’ అనేదీ ఇందుకే.

సరే, దించాలని తేలింది. రెండో ప్రశ్న: హాఫ్ ఇంజినా, ఫుల్ ఇంజినా? హాఫ్ అంటే పిస్టన్లు, రింగులు, లైనర్లు, హెడ్డు పని వరకూ. కింద క్రాంకు జోలికి పోరు. ఫుల్ అంటే ఒక్క నట్టు కూడా మిగలకుండా విప్పి, క్రాంకు తీసి, బేరింగులు మార్చి, ఆయిలు పంపు నుంచి ఫ్యూయలు పంపు దాకా అన్నీ చూసుకోవడం. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్ల ప్రాణం సహజంగానే హాఫ్ వైపు లాగుతుంది. చాలా ఇళ్లలో రెండుసార్లు ఖర్చయ్యేది సరిగ్గా ఇక్కడే. పైన కొత్త రింగులు వేసి ఒత్తిడి పెంచితే, కింద అరిగి ఉన్న బేరింగులు ఆ దెబ్బకు తట్టుకోలేక మొరాయిస్తాయి. ఆరు నెలల్లో మళ్లీ అదే షెడ్డు, అదే బెంచీ.

బెంజి సర్కిల్ దాటాక...

నందిగామ, కంచికచర్లల్లోనూ మెకానిక్కులున్నారు. క్లచ్చు ప్లేట్లు, బ్రేకులు, కమాను పట్టీల్లాంటివి అక్కడే అయిపోతాయి. ఇంజిను దించాలంటే మాత్రం బెజవాడ వెళ్లాల్సిందే. నందిగామ నుంచి యాభై కిలోమీటర్ల పైమాటే ఆటోనగర్. నడవలేని బండినైతే ఇంకో లారీకి కట్టి, రాత్రిపూట రద్దీ తగ్గాక లాక్కుపోతారు. కీసర టోల్ గేటు, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి, 2020లో మొదలైన కనకదుర్గ ఫ్లైఓవర్... కొండ మీది అమ్మవారికి స్టీరింగు దగ్గర్నుంచే ఒక దణ్ణం. అక్కణ్నుంచి బెంజి సర్కిల్.

ఆ సర్కిల్ పేరుకూ ఈ కథకూ చుట్టరికం ఉంది. టాటాలు 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ - బెంజ్ కంపెనీతో కలిసి ఇక్కడ లారీలు తయారుచేయడం మొదలెట్టారు. 1969 వరకూ ఆ ఒప్పందం నడిచింది. ముక్కు ముందుకొచ్చిన ఆ లారీని మనవాళ్లు ‘బెంజి’ అనే పిలిచారు. వాటి షోరూము ఉండబట్టే ఆ కూడలికి ఆ పేరొచ్చిందని బెజవాడ వాళ్లు చెబుతారు. కోట్ల రూపాయల బెంజికార్లను చూసి పెట్టిన పేరనుకుంటే పొరపాటే!

బందరు రోడ్డులో ఇంకాస్త ముందుకెళ్తే జవహర్ ఆటోనగర్. ఊళ్లో రోడ్లపక్కన చెట్లకింద చెల్లాచెదురుగా ఉన్న మెకానిక్ షెడ్లన్నీ 1960ల్లో ఒకచోటికి చేరి ఏర్పడ్డ పేట ఇది. దాదాపు 275 ఎకరాలు. ఆసియాలోని పెద్ద ఆటోనగర్లలో ఒకటని పేరు. 2014లో ‘ఆటోనగర్ సూర్య’ అని సినిమా కూడా వచ్చింది. సినిమాలో చూపించిన కొట్లాటల సంగతెలా ఉన్నా, అసలు విశేషం అక్కడ పని పంచుకునే తీరు. ‘ఇంజిను మేస్త్రి’ అన్నీ చెయ్యడు. విప్పడం, బిగించడం ఆయన వంతు. బ్లాకు బోరింగుకు ఒక షెడ్డుకు వెళ్తుంది. క్రాంకు గ్రైండింగుకు ఇంకోచోటికి. హెడ్డు మరో వీధికి. ఫ్యూయలు పంపు, అద్దాల గదిలో ఏసీ వేసుకుని కూర్చునే పంపు మేస్త్రి దగ్గరికి. రేడియేటర్ ఒకరికి, సెల్ఫు డైనమో ఇంకొకరికి. పెళ్లి పనుల్లో బంధువుల్లా తలా ఒకటి అందుకుంటారు. ఇంజిను ముక్కలు ట్రాలీ రిక్షాల్లో, ఆటోల్లో వీధులన్నీ తిరిగొచ్చి, సాయంత్రానికి మళ్లీ ఆ నూనె మరకల నేలమీద ఒకచోట చేరతాయి. ఓ చిన్న యజమాని తక్కువ డబ్బుతో ఇంజిను కట్టుకోగలుగుతున్నాడంటే ఈ పంపకమే కారణం. ఒక్కో యంత్రానికీ లక్షలు పెట్టిన షెడ్డు, రోజుకు పది బండ్ల పని చేస్తుంది కాబట్టి ఒక్కో బండికి పడే కూలి అందుబాటులో ఉంటుంది.

ఎక్కడ బేరమాడాలి?

‘‘భాయ్, తక్కువలో అయ్యేట్టు చూడాలి. ఈసారి మిర్చి కూడా దెబ్బేసింది.’’

‘‘తక్కువలోనే చేద్దాం అన్నా. కాకపోతే నేను వద్దన్నచోట బేరమాడొద్దు.’’

షెడ్డులో టీ గ్లాసుల మధ్య జరిగే ఈ ఒప్పందమే మొత్తం పనికి పునాది. మేస్త్రి వద్దనే చోట్లు కొన్నే. మొదటిది క్రాంకు షాఫ్టు. ఆరు పిస్టన్ల దెబ్బనూ చక్రం తిప్పే బలంగా మార్చేది అదే. అది తిరిగే చోట బేరింగుకూ దానికీ మధ్య ఉండాల్సిన ఖాళీ తలవెంట్రుక మందం. ఆ ఖాళీలో ఆయిలు పొర నిలబడి ఇనుము ఇనుముకు తగలకుండా కాపాడుతుంది. గీతలు పడ్డ క్రాంకును గ్రైండింగ్ చేసి సన్నం చేస్తారు, అంతే మందం పెరిగిన బేరింగులు వేస్తారు. ‘ఎన్ని థౌ పడింది?’ అన్నది ఆటోనగర్లో రోజంతా వినిపించే ప్రశ్న. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. పది, ఇరవై, ముప్పై... ఒక్కో విడతకూ క్రాంకు ఆయుష్షు ఒక మెట్టు దిగినట్టే. చివరి మెట్టు కూడా దాటిన క్రాంకును ‘ఇంకోసారి లాగిద్దాం’ అన్నవాళ్లు నడిరోడ్డు మీద అది రెండు ముక్కలై ఆగిపోయాక బాధపడతారు. దాంతోపాటు బ్లాకు కూడా పగిలితే ఇక బాధపడటానికి కూడా ఏమీ మిగలదు.

బేరింగులు, రింగులు, కనెక్టింగ్ రాడ్డు బోల్టులు, హెడ్ గ్యాస్కెట్టు, ఆయిలు పంపు... వీటి దగ్గర పైసా తగ్గించుకోకూడదు. మొత్తం ఖర్చులో రాడ్డు బోల్టుల వాటా ఎంతని? చాలా తక్కువ. కానీ లాగి లాగి సాగిన పాత బోల్టు ఒకటి తెగితే రాడ్డు బ్లాకు గోడను పొడుచుకుని బయటికొస్తుంది. అందుకే మేస్త్రులు దాన్ని తాళిబొట్టు లాంటిదంటారు. ఇక పెట్టె అచ్చం అసలు కంపెనీదిలాగే ఉండి లోపల నకిలీ సరుకున్న రింగుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. నాలుగు రూపాయలు ఎక్కువైనా బిల్లు ఇచ్చే కొట్లోనే కొనమంటారు.

మరి మిగుల్చుకునేది ఎక్కడ? చాలాచోట్లే ఉంది. బ్లాకు అరిగితే కొత్త బ్లాకు అక్కర్లేదు. లైనర్లున్న ఇంజినుకు లైనర్లు మారిస్తే చాలు. టాటా - కమిన్స్ 6బీటీ లాంటి వాటికి లైనర్లే ఉండవు, బ్లాకులోనే నేరుగా బోరు ఉంటుంది. దాన్ని అర మిల్లీమీటరు పెంచి పెద్ద పిస్టన్లు వేస్తారు. మళ్లీ అరిగితే ఇంకో అర మిల్లీమీటరు. ఆ తర్వాత స్లీవులు దిగ్గొడతారు. హెడ్డు వంగితే కోత పెట్టి సమం చేస్తారు. వాల్వు సీట్లు, గైడ్లు కొత్తవి వేసి పాత వాల్వుల్నే రుద్ది కూర్చోబెట్టొచ్చు. ఆయిలు సంపు, ఫ్లైవీలు, బెల్ హౌసింగు, రేడియేటరు, సెల్ఫు మోటారు... ఇవన్నీ కటింగుకు వచ్చిన బండ్ల నుంచి తీసినవి పాత సామాను కొట్లలో దొరుకుతాయి. కుప్పలుగా పోసిన ఆ ఇనుప కొండల్లోంచి సరైన ముక్కను ఏరుకురావడం ఒక విద్య. దానికి ఇంటర్నెట్టు పనికిరాదు. చిన్న సుత్తితో తట్టి చెవి ఆనించి విన్నప్పుడు, పగులు లేని ఇనుము గంటలా మోగుతుంది. పగులున్నది కుండలా బొద్దుగా పలుకుతుంది. సంతలో కొత్త కుండ కొనేటప్పుడు మన బామ్మలు చేసేదీ ఇదే కదా!

టాటా 697 అనే ఇంజిను ఈ పనికి పెట్టింది పేరు. ఆరు సిలిండర్లు, ఒక్కోదాని బోరు 97 మిల్లీమీటర్లు... పేరే కొలత! మొత్తం 5675 సీసీ. పాత అంబాసిడర్ కారు 1489 సీసీతో పోలిస్తే దాదాపు నాలుగు కార్ల ఇంజిన్లు ఒకచోట పెట్టినట్టు. లోపల కంప్యూటర్ లేదు, సెన్సార్లు లేవు. షెడ్డులో చేరిన పదిహేనేళ్ల హెల్పర్ కుర్రాడు మొదట నేర్చేది స్పానర్ల నంబర్లయితే, రెండోది ఈ ఇంజిను సిలిండర్లు మండే వరస: ఒకటి - ఐదు - మూడు - ఆరు - రెండు - నాలుగు. నిద్రలో లేపి అడిగినా ఆంజనేయ దండకంలా చెప్పేస్తాడు.

అమెరికా కుర్రాళ్ల సరదా

పాత ఇనుముతో ఇంజిన్లు కట్టే పిచ్చి మనకే సొంతం కాదు. 1932లో హెన్రీ ఫోర్డు సామాన్యుడికి అందే ధరలో ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజిను కారును తెచ్చాడు. అవి పాతబడి చవకయ్యాక, కాలిఫోర్నియా కుర్రాళ్లు వాటిని తెచ్చుకుని, బరువుండే బాడీ భాగాలు తీసి పారేసి, ఇంజినుకు మరింత బలం ఎక్కించి, ఎండిన సరస్సుల నేలమీద పందేలు వేసుకునేవారు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు చేరాక ఆ మోజు మరీ పెరిగింది. ‘హాట్ రాడ్’ అని పేరు పెట్టుకున్నారు. పాత పికప్ ట్రక్కులను కూడా వదల్లేదు. జేబులో డబ్బు లేని కుర్రాడు తుక్కు అంగట్లో తిరిగి, ఒక్కో ముక్కే పోగేసి, నెలల తరబడి షెడ్డులో కూర్చుని ఇంజిను కట్టడం అక్కడ ఇప్పటికీ గొప్ప కాలక్షేపం.

ఇక్కడ ఆ సరదా తీర్చుకోవాలంటే చట్టం ఒప్పుకోదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్నీ లెక్కల్నీ ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. ఇంజినే మార్చాల్సి వస్తే ఆర్టీవో అనుమతి తీసుకుని కొత్త ఇంజిను నంబరును ఆర్సీలో ఎక్కించుకోవాలి. చవగ్గా వచ్చిందని నంబరు గీకేసిన బ్లాకు కొన్నవాళ్లు, బండి బాగున్నా కాగితాలు బాగోక ఇబ్బందుల్లో పడతారు. పాత బ్లాకునే బోరు చేయించుకోమని మేస్త్రులు పట్టుబట్టేది ఇందుక్కూడా.

అయినా మనవాళ్ల హాట్ రాడ్ ఒకటుంది... ‘పంపు పెంచడం’! గాట్ రోడ్డులో కంకర లోడుతో బండి లాగడం లేదని, ఫ్యూయలు పంపు స్క్రూ తిప్పి డీజిలు ఎక్కువ పోయేట్టు చేయిస్తారు. నిజంగానే బండి ఎగిరి దూకుతుంది, కొన్నాళ్లు. వెనకొచ్చే స్కూటరు వాళ్ల మొహాలు మసిబారతాయి. లోపల వేడి హద్దు దాటి, పిస్టన్ తల కరిగి చిల్లుపడుతుంది. మంచి పంపు మేస్త్రి అయితే ఆ మాట అడిగిన యజమానికి టీ ఇచ్చి పంపేస్తాడు. ఆయన గదిలో చూడాల్సింది ఇంకోటుంది. టెస్ట్ బెంచి మీద పంపు తిరుగుతుంటే ఆరు గాజు గొట్టాల్లోకి డీజిలు సన్నగా దిగుతుంది. ఆరింట్లోనూ ఒకే మట్టానికి నిండాలి. ఒకదాంట్లో తగ్గినా, పెరిగినా మళ్లీ విప్పుతాడు. నాజిలు పిచికారీ చేసే ఒత్తిడి సుమారు 200 బార్... మోటారు సైకిలు టైర్లో గాలికి వంద రెట్లు. సాంబ్రాణి పొగంత సన్నటి తుంపర రావాలి. చుక్కగా కారిందా, ఆ చుక్క పడ్డచోటే పిస్టన్ కాలుతుంది.

వాగు మింగిన బండ్లు

ఈ మెట్టకు మరో శత్రువుంది, నీళ్లు. 2023 జులైలోనూ, 2024 సెప్టెంబరు మొదట్లోనూ మున్నేరు పొంగి నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైవేనే ముంచెత్తింది. వైరా, కట్టలేరు గట్టులు దాటాయి. అదే 2024 సెప్టెంబరులో బుడమేరు బెజవాడలో వేలాది బండ్లను ముంచింది. నీళ్లలో ఉండిపోయిన బండిని చూసి ఆత్రంగా సెల్ఫు కొట్టడమే అసలు తప్పు. గాలి నలుగుతుంది గానీ నీళ్లు నలగవు. పైకొచ్చే పిస్టన్‌కు నీళ్లు అడ్డంపడితే వంగిపోయేది కనెక్టింగ్ రాడ్డే. ముందు నాజిళ్లు విప్పి, చేత్తో ఇంజిను తిప్పి నీళ్లు వెళ్లగొట్టి, ఆయిలంతా మార్చి, అప్పుడు స్టార్టు చేస్తే కడుగుడు ఖర్చుతో పోయేది, ఒక్క సెల్ఫు దెబ్బకు ఫుల్ ఇంజిను అయిపోతుంది. ఆ వరదల తర్వాత ఈ సంగతి తెలిసిన డ్రైవర్లు వాట్సాప్‌లో ఒకరికొకరు చెప్పుకున్న మొదటి మాట... ‘సెల్ఫు ముట్టుకోవద్దు’.

మూత తీసి చూస్తే...

ఇన్ని చేసి కట్టిన ఇంజిను ఎన్నాళ్లు నడుస్తుందన్నది ఇప్పుడు మేస్త్రి చేతిలోనే లేదు. పదిహేనేళ్లు దాటిన బండ్ల ఫిట్‌నెస్ ఫీజుల్ని కేంద్రం 2021 అక్టోబరు నోటిఫికేషన్‌తో బాగా పెంచింది. 2025 నవంబరులో మళ్లీ సవరించి, ఇరవై ఏళ్లు దాటిన భారీ వాహనానికి 25 వేలుగా నిర్ణయించింది. అదే ఏడాది సెప్టెంబరు 22 నుంచి లారీలపైనా, విడిభాగాలపైనా జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఒక చేత్తో కొంత తగ్గి, ఇంకో చేత్తో కొంత పెరిగిందన్నమాట. పొగ వదిలే ముసలి బండ్లు రోడ్డు దిగాలన్న వాదనలో న్యాయం లేకపోలేదు. ఆ పొగ ముందు పీల్చేది హైవే పక్కనున్న ఈ ఊళ్ల పిల్లలే. కానీ సరిగ్గా కట్టిన ఇంజిను పొగ వదలదన్నదీ నిజం. కాగితం మీద వయసు చూసే లెక్కకు ఆ తేడా కనిపించదు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చినవన్నీ బీఎస్-6 బండ్లు. వాటి జబ్బు చెవికి వినిపించదు, స్కానర్ పెడితే తెరమీద కోడ్ వస్తుంది. ఆటోనగర్లో కుర్ర మెకానిక్కులు ల్యాప్‌టాప్‌లు పట్టుకుని ఆ విద్యా నేర్చేసుకుంటున్నారు. అరవై దాటిన మేస్త్రులు మాత్రం పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఇంజినుకు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని ట్యాపెట్ల చప్పుడు వినడమే ఇష్టపడతారు. డాక్టరు స్టెతస్కోపులా!

ఆఖరి రోజు హెడ్డు బోల్టులు బిగించడం చూడాలి. ఓ చివర్నుంచి మొదలెట్టరు. మధ్యలోంచి మొదలుపెట్టి చివరలకు, ఒకేసారి కాకుండా మూడు నాలుగు విడతలుగా, టార్కు రెంచి టిక్కుమనేదాకా. కొత్త ఆయిలు పోస్తారు. నాజిలు పైపులు వదులు చేసి గాలి తీస్తారు. అప్పటిదాకా కబుర్లు చెప్పుకుంటున్న పక్క షెడ్డు వాళ్లు కూడా మౌనంగా దగ్గరికొస్తారు. నిమ్మకాయ, కొబ్బరికాయ, అగరొత్తి. మేస్త్రి తనే సెల్ఫు కొడతాడు. రెండు సెకన్లు... మూడు... ఆరు సిలిండర్లూ ఒక్కసారి అందుకుంటాయి. యజమాని సైలెన్సరు వైపు చూస్తాడు. మేస్త్రి మాత్రం ముందు ఆయిలు ప్రెషరు ముల్లు వైపు చూస్తాడు.

‘‘వెయ్యి కిలోమీటర్లు పైచిలుకు తేలిక లోడే వెయ్యన్నా. మరీ గట్టిగా లాగించొద్దు. అట్లాగని నిలబెట్టి ఊరికే ఐడిల్లో ఉంచొద్దు. రింగులు బోరులో కూర్చోవాలంటే పని చెప్పాలి, కానీ కష్టపెట్టకూడదు.’’

కొత్త కోడలి సంగతి చెబుతున్నట్టుంటుంది. యజమాని తలూపుతాడు. లెక్క చూసుకుంటారు. కుదువపెట్టిన గొలుసు డబ్బు అక్కడికి సరిపోతుంది. హెల్పర్ కుర్రాడి చేతిలో ఓ నోటు పెట్టి బండెక్కుతాడు.

తిరుగు ప్రయాణంలో బండి నేరుగా ఇంటికి పోదు. నందిగామ దాటి పెనుగంచిప్రోలు వెళ్తుంది. మున్నేటి ఒడ్డున తిరుపతమ్మ తల్లి గుడి. లారీ నుదుటి మీద ఆ పేరు ఎప్పటి నుంచో రాసి ఉంది. అద్దం ముందు కొత్త నిమ్మకాయల దండ వేలాడదీసి, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు నలిపించి వీరులపాడు దారి పట్టేసరికి పొద్దు వాలుతుంది. లోడు లేని బండి, నలభై దాటని వేగం. వెనకొచ్చేవాళ్లు హారన్లు కొడుతూ దాటిపోతుంటారు. ఇంటిముందు ఆగాక ఇంజిను ఆపడు. ఇల్లాలు బయటికొస్తుంది. కొడుకు పరుగెత్తుకొస్తాడు. బానెట్ ఎత్తి, ఆయిలు మూత తీసి, వాడి అరచెయ్యి పట్టుకుని దానిమీద పెడతాడు.

‘‘ఏమన్నా తగులుతోందా?’’

‘‘ఏం లేదు నాన్నా, కొంచెం వెచ్చగా ఉంది, అంతే.’’